కదలని నీళ్లు

గోడకవతల చర్చిలో పాట మొదలైందంటే పది గంటలైనట్టే, గడియారం చూడక్కర్లేదు. ఆ పాటలో అందరికన్నా ఒక్క పిసరు ముందు ఎత్తుకునే గొంతు, ఈ బాయిలర్ దగ్గరే పనిచేసే పాటగాడిది. ఇరవై ఏళ్లుగా అంతే, ఆత్రం మనిషి, అన్నానికైనా పాటకైనా ఒక్క క్షణం ఆగలేడు. బాయిలర్ గదిలో ఇనప స్టూలు మీద కూర్చున్న భాయ్ ఆ గొంతు విని తనలో తను నవ్వుకుని, ఆవిరి ఒత్తిడి చూపించే ముల్లు వైపు చూశాడు. ముల్లు ఏడు మీద ఉంది. డ్యూటీ పుస్తకంలో కూడా ఏడే. బాయిలర్ ముందు నిలబెట్టిన గాజు గొట్టంలో నీళ్లు సగానికి ఉన్నాయి. పుస్తకంలో కూడా సగమే. అంతా బాగానే ఉంది. అయినా పొద్దున డ్యూటీ ఎక్కినప్పటి నుంచీ ఈ గదిలో ఏదో తక్కువైనట్టుంది, ఏమిటో తెలియడం లేదు. ఇంట్లో గోడగడియారం ఆగిపోతే వెంటనే తెలియదు చూడండి, ఏదో వెలితి, చెవికీ కంటికీ అందని వెలితి, ఇదీ అలాంటిదే. బొగ్గు కుప్ప ఉంది, తడి బూడిద కుప్ప ఉంది, పార గోడకి ఆనించే ఉంది, పొయ్యిలో మంట గుయ్యిమంటూనే ఉంది. మరి లేనిదేమిటి? వయసు మీద పడుతోంది, అదే అయుంటుంది అనుకున్నాడు.

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని భాయ్ అనే పిలుస్తారు. అసలు పేరు డ్యూటీ పట్టీలో తప్ప ఇంకెక్కడా కనబడదు, ఇవాళ పట్టీలో కూడా లేదు. ఇవాళ ఆరు నుంచి రెండు దాకా పట్టీలో ఉన్నది పాటగాడి పేరు. క్రిస్మస్ నాడు పాటగాడి డ్యూటీ భాయ్ చేస్తాడు, ఈద్ నాడు భాయ్ డ్యూటీ పాటగాడు చేస్తాడు, కాగితం మీద మాత్రం ఎవరి డ్యూటీలో వాళ్లే ఉంటారు. వంటవాడి దగ్గర్నుంచి పెద్ద నర్సమ్మ దాకా ఈ సంగతి తెలియనివాళ్లు లేరు, ఒక్క ఇంజినీరుకి తప్ప. ఒకడి పేరు మీద ఇంకొకడు బాయిలర్ దగ్గర కనబడితే ఇద్దరినీ గేటు బయట నిలబెడతాను అని ఆయన మొదట్లోనే చెప్పాడు, చెప్పింది చేసే మనిషి. అప్పుడు ఇద్దరూ కుర్రవాళ్లు. ఆ ఏడు ఈద్ నమాజు తప్పిపోయి భాయ్ ఈ స్టూలు మీదే కూర్చుని ఏడ్చాడు, అదే ఏడు పాట తప్పిపోయి పాటగాడూ ఇక్కడే ఏడ్చాడు, ఏడుపులు అయ్యాక ఒప్పందం కుదిరింది. మొదటిసారి పాటగాడి కోడిగీతల్ని అచ్చుగుద్దినట్టు రాయబోయి భాయ్ చేతకాక తన గుండ్రటి అక్షరాలే రాసేశాడు. మర్నాడు ఇంజినీరు పుస్తకం తిప్పుతూ, ఏమయ్యా, పండగపూట నీ రాత ఇంత బాగుపడిందేం అని పాటగాణ్ణి అడిగాడు. పాటగాడు తల గోక్కుని, దేవుడి దయ సార్ అన్నాడట. అది చెప్పుకుని ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు, నవ్వాక భయం పుట్టుకొచ్చింది. అప్పటినుంచీ పండగకి ముందురోజే, సెలవు తీసుకునేవాడు తన పేజీ తనే నింపి పోతాడు. ప్రతి గంటకీ ముల్లు ఏడు, నీళ్లు సగం, గొట్టం ఊది చూశాను అని ఒక టిక్కు. రెండో మనిషి రాసినదాని ప్రకారం బాయిలర్ని నడిపితే చాలు. ఇవాళ్టి పేజీ కూడా పాటగాడు నిన్న సాయంత్రమే నింపేశాడు, రెండు గంటల దాకా. జరగని గంటలన్నీ అక్కడ జరిగిపోయి ఉన్నాయి.

పుట్టకముందే మనిషి కథంతా రాసిపెట్టి ఉంటుంది అని అమ్మీ చెప్పేది, రాసే కలం తడి కూడా ఆరిపోయి ఉంటుంది అనేది. చిన్నప్పుడు అదంటే ఆయనకి భయంగా ఉండేది. రేపు తను మెట్ల మీంచి పడతాడో లేదో ఎవరికో ముందే తెలుసంటే కాళ్లు ఆడేవి కావు. ఈ పేజీ చూసినప్పుడల్లా అదే భయం ఇంత పిసరు తగుల్తుంది. కానీ ఆ రాత దేవుడిది, ఈ రాత పాటగాడిది, కోడిగీతలు. దీనికేం భయపడతాం. గోడకవతల రెండో పాట ఎత్తుకున్నారు. దీని మధ్యలో ఒక చోట గొంతులన్నీ తగ్గిపోయి పాటగాడి గొంతు ఒక్కటే ఉంటుంది, ఆ చోటు కోసం ఆయన ప్రతిసారీ చెవి ఒగ్గి కూర్చుంటాడు, ఎవరితోనూ చెప్పలేదు. మాటలు సరిగ్గా వినబడవు గోడవల్ల, పేర్లు మాత్రం వినబడతాయి, తల్లి పేరు, కొడుకు పేరు. ఆ పేర్లు తన ఇంట్లోనూ ఉన్నాయి, కాస్త వేరేగా పలుకుతారంతే.

మధ్యన ఉన్నది ఒక్క ఇటుక గోడ. ఎవరు కట్టారోగానీ చర్చినీ బాయిలర్ గదినీ వీపుకి వీపు ఆనించి కట్టారు. చలికాలంలో చర్చిలో ఆ గోడ గోరువెచ్చగా ఉంటుందని, పురిటి వార్డు నుంచి బాలింతల్నీ పసిగుడ్లనీ తీసుకొచ్చి గోడవారగా ఉన్న బల్ల మీద కూర్చోబెడతారు. గోడ మధ్యలో గడ్డి పరిచి ఉయ్యాల, ఉయ్యాలలో బొమ్మ. ఈసారి తొమ్మిదిమంది తల్లులు భాయ్, పదిమంది పిల్లలు, ఒకావిడకి కవలలు, మా పిల్లలకి చలి తగలకుండా చూసుకో అని పెద్ద నర్సమ్మ పొద్దున్నే వచ్చి చెప్పి వెళ్లింది. ఆమె మాట మీద రెండు పారల బొగ్గు ఎక్కువే వేశాడు. లాండ్రీ మూసేశారు కాబట్టి ఆవిరి పెద్దగా ఖర్చు కాదు, నీళ్లు దిగవు, పంపు తిప్పే పనే పడలేదు ఇవాళ. మామూలు రోజు గంటకోసారైనా నీళ్ల పంపు తిప్పాలి. పండగ రోజు బాయిలర్‌కి కూడా పండగే.

పదకొండింటికి ఆఖరి పాట అయిపోతుంది. అప్పుడు బాయిలర్ కూత మూడుసార్లు వెయ్యాలి. ఎప్పుడో పాటగాడు సరదాకి మొదలుపెట్టించినది, ఇప్పుడది లేకపోతే పండగే కాదంటారు. కూత వినగానే అటువైపు చప్పట్లు, పిల్లల కేకలు. ఇన్నేళ్లలో ఆయన పాటగాడికి నోటితో ఒక్కసారి కూడా పండగ శుభాకాంక్షలు చెప్పలేదు. పాటగాడు మాత్రం ఈద్ నాడు డ్యూటీ దిగి తిన్నగా ఇంటికొచ్చి, మసి చేతులతోనే వాటేసుకుని, ముబారక్ భాయ్ అని వీధంతా వినబడేలా అరుస్తాడు. తిరిగి చెప్పాల్సిన రోజు వచ్చేసరికి ఈయన నోరు పెగలదు. అమ్మీ ఆ పాటలోని కొడుకుని నమ్మేది, ఆ తల్లిని నమ్మేది, ఆ కొడుకుని దేవుడి కొడుకు అనడం మాత్రం నమ్మేది కాదు, ఈయనా అంతే. పుట్టినరోజు శుభాకాంక్షలు అంటే ఎవరు పుట్టారని అంటున్నట్టు? ప్రవక్త పుట్టాడనా, వాళ్లు అనుకుంటున్నది పుట్టిందనా? ఆ ముడి విప్పలేక నోరు మూసుకుని ఎనిమిది గంటల డ్యూటీ చేస్తాడు, ఆఖర్న తీగ పట్టుకుని మూడుసార్లు లాగుతాడు. కూతకి మాటలు లేవు. ఎలా అర్థం చేసుకోవాలో పైవాడికి తెలుసు.

కానీ పోయిన శుక్రవారం నమాజు అయ్యాక మసీదు పెద్దాయన మాట్లాడుతూ, పరాయి వాళ్ల పండగని నోటితో మెచ్చుకున్నా చేత్తో మెచ్చుకున్నా ఒక్కటే లెక్క అన్నాడు. అంటూ అన్ని వరుసలూ దాటి తనవైపే చూశాడనిపించింది. చూసి ఉండడు. బావ ఒకడు, చెల్లెలి మొగుడు, బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ, వింటున్నావా, నీ గురించే అని మోచేత్తో పొడిచాడు. వారం నుంచీ అన్నం సహించడం లేదు. ఈ ఏడు కూత వెయ్యాలా, వద్దా? వెయ్యకపోతే పాటగాడి మొహం చూడలేడు. వేస్తే ఆ తీగ లాగిన చేతిని రేపు పైన అడిగితే ఏం చెప్పాలి? పొద్దున బయల్దేరుతుంటే ఆయన భార్య గుమ్మంలో నిలబడి, ఏమండీ, ఇవాళ వెళ్లకపోతే ఏం, నాకెందుకో మనసు బాగోలేదు అంది. పాటగాడు గోడకటువైపు ఎదురు చూస్తుంటాడే అన్నాడు. ఆవిడ గుమ్మంలోంచి పక్కకి జరిగింది.

అమ్మీ చెప్పే కథలో గడ్డి లేదు, ఉయ్యాల చుట్టూ జనం లేరు. ఆ తల్లి ఒక్కతే. నొప్పులు పడుతూ ఊరికి దూరంగా పోయి ఒక ఎండిన చెట్టు మాను పట్టుకుని, నేను ఇంతకు ముందే చచ్చిపోయినా బాగుండేదే అని ఏడ్చిందట. పక్కన మనిషి లేడు, పట్టుకునే చెయ్యి లేదు. ఇక్కడికొచ్చేసరికి అమ్మీ గొంతు మారిపోయేది, ఆమె ఏడుగుర్ని కన్నది, ఇద్దర్ని పోగొట్టుకుంది. తరవాత ఆ తల్లికి ఆజ్ఞ అయిందట, బిడ్డనెత్తుకుని ఊళ్లోకి పో, ఎవరేమడిగినా నువ్వు మాట్లాడొద్దు అని. ఊరంతా చుట్టుముట్టి, ఏమిటీ పని అని నిలదీస్తే ఆమె నోరు విప్పకుండా బిడ్డవైపు వేలు చూపించిందట, ఉయ్యాలలో బిడ్డే మాట్లాడాడట. ఆయన చిన్నప్పుడు, పిల్లాడు మాట్లాడకపోయుంటే ఏమయ్యేది అమ్మీ అని అడిగాడు. అప్పుడు ఆమే మాట్లాడాల్సొచ్చేది, అంతసేపు మాట్లాడకుండా ఎట్లా ఉంటారు అంది అమ్మీ. ఆ జవాబు ఆయనకి అప్పుడు నచ్చలేదు.

ముల్లు ఏడు. నీళ్లు సగం. వాసన మాత్రం వేరేగా ఉంది. బొగ్గు వాసన కాదు, రంగు కాలుతున్న వాసన. పొయ్యి తలుపు పైన బాయిలర్ మొహానికి వేసిన ఎర్ర రంగు ఒక చోట గోధుమ రంగుకి తిరిగి, చిన్న బుడగలు లేచి ఉంది. నిన్న ఉందా ఇది? నిన్న చూసుకోలేదు. రాత్రి డ్యూటీవాడు తొందరలో ఉన్నాడు, అంతా రాసే ఉందిగా భాయ్ అని కోటు తగిలించుకుని పోయాడు. రాసే ఉంది. తనూ పేజీ చూశాడు, ఆరు గంటలకి గొట్టం ఊది చూశాను అని పక్కన టిక్కు ఉంది, సరే అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఊది చూడటం అంటే ఏముంది, గొట్టం కింద ఉండే కాక్, ఆ చిన్న కుళాయి, తిప్పితే లోపలి నీళ్లు బుస్సుమని బయటికి పోతాయి, కట్టేస్తే బాయిలర్లోంచి కొత్త నీళ్లు చటుక్కున గొట్టంలోకి ఎగబాకుతాయి. ఎగబాకితే దారి తెరిచి ఉన్నట్టు, గొట్టం నిజం చెబుతున్నట్టు. డ్యూటీ ఎక్కగానే చెయ్యాల్సిన మొదటి పని అది. చేశాడా? ఆయన పుస్తకం చూశాడు. చేసినట్టే ఉంది. చేతుల్ని అడిగాడు. చేతులకి గుర్తు లేదు.

పని నేర్పిన ఉస్తాదుకి మొహంలో ఎడమ సగం ఉండేది కాదు, చర్మం కరిగి మెడ మీదికి జారి గడ్డకట్టినట్టుండేది. ఆయన నవ్వితే సగమే నవ్వేవాడు. కొత్తవాళ్లని గొట్టం ముందు గంటసేపు నిలబెట్టి ఏం కనిపిస్తోందో చెప్పమనేవాడు. నీళ్లు ఉస్తాద్ అంటే తల మీద ఒకటి మొట్టేవాడు. ఊగుతున్నాయి చూడరా, లోపల మరిగే నీళ్లకి నెమ్మది ఉండదు, గొట్టంలో కూడా ఇంతింత, వెంట్రుకంత, పైకీ కిందికీ ఊగుతూనే ఉంటాయి. ఊగితే బతికున్నట్టు, ఊగడం మానేస్తే అవి చచ్చిన నీళ్లు. చచ్చిన నీళ్లని నమ్మినవాడి మొహం ఇలా ఉంటుంది అని తన బుగ్గ చూపించుకునేవాడు.

స్టూలు వెనక్కి పడింది. పడిన చప్పుడు ఆయన వినలేదు. గొట్టానికి కళ్లు ఆనించి చూశాడు. నీళ్లు సగానికి ఉన్నాయి. వెంట్రుకంత కూడా కదలడం లేదు. పొద్దున్నుంచీ ఈ గదిలో లేనిది ఇది. నీళ్లు చూపించే రెండో గొట్టం పగిలిపోయి నెలయింది, దాని రెండు కాక్‌లూ కట్టేసి ఉన్నాయి, కొత్తది వస్తుంది వస్తుంది అంటున్నారు. మొదటి గొట్టం కింది కాక్ తిప్పాడు. నీళ్లు బుస్సుమని పోయాయి. కట్టేశాడు. గొట్టం ఖాళీగా ఉంది. ఎదురు చూశాడు. గోడకవతల ఉయ్యాల పాట ఒక చరణం అయిపోయేంతసేపు ఎదురు చూశాడు. గొట్టం తెల్లగా, ఖాళీగా, అలాగే ఉంది.

పట్టుకున్నాడు, పైవాడు పట్టుకున్నాడు, కూత వేసిన చేతిని పట్టుకున్నాడు, శుక్రవారం మాట ఊరికే రాలేదు అనుకున్నాడు. మరుక్షణమే ఇంకొకటి తోచింది, అది మొదటిదానికన్నా భయంకరంగా ఉంది. కూత ఇంకా వెయ్యలేదే. ఇరవై ఏళ్లలో వేసిన కూతలన్నీ క్షేమంగానే పోయాయే. పట్టుబడినది పేజీ. సగం, సగం, సగం అని చూడకుండా రాసిన పేజీ, ఈద్‌కి తను, క్రిస్మస్‌కి వాడు. పాపం కోసం గోడకటు వెతుకుతూ కూర్చున్నాడు ఇన్నేళ్లూ, అది ఇటువైపు తన చేతిరాతలోనే గుండ్రంగా కూర్చునుంది.

నీళ్ల దారికి సున్నం అడ్డుపడి ఉండొచ్చు. అంతే అయితే లోపల నీళ్లు ఉండనే ఉంటాయి, గొట్టమే అబద్ధం చెప్పినట్టు. లేదా నిజంగానే అడుగంటి ఉండొచ్చు, నాలుగు గంటలు పంపు తిప్పలేదు, రాత్రివాడు ఎన్ని గంటలు తిప్పలేదో. పంపు చక్రం చేతికందేంత దూరంలో ఉంది. తిప్పితే నీళ్లు పోతాయి, అన్నీ సర్దుకుంటాయి, ఎవరికీ తెలియదు, పుస్తకంలో ఎలాగూ సగం అనే ఉంది. మంట ఆర్పితే ఆసుపత్రి మొత్తం చల్లబడుతుంది, ఇంజినీరు వస్తాడు, పట్టీ చూస్తాడు, ఇద్దరి బతుకులూ గేటు బయటికి. పాటగాడి కూతురి పెళ్లి రెండు నెలల్లో ఉంది. చెయ్యి చక్రం మీదికి పోయింది, ఆయన పంపలేదు, అదే పోయింది. చల్లటి ఇనుము. ఎర్రగా కాలిన పెనం మీద నీళ్లు చిలకరిస్తే ఏమవుతుందిరా అని ఉస్తాదు అడిగాడు. చుర్రుమంటుంది ఉస్తాద్. పెనం కాబట్టి చుర్రుమంటుంది, బాయిలర్ చుర్రుమనదు, గోడలు ఉండవు. నీళ్లు కనబడకపోతే నీళ్లు పెట్టకు. ముందు మంటని చంపు, తరవాత మనుషుల్ని పంపెయ్, తరవాత కావలిస్తే ఏడువు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ కాదు. పదోసారి కోసమే ఈ ఉద్యోగం ఇచ్చారు. గోడకటువైపు తొమ్మిదిమంది తల్లులు వీపులు ఆనించి కూర్చున్నారు.

చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పొగగొట్టం తలుపు దించేశాడు, గాలి దారి మూసేశాడు, పార తీసుకుని తడి బూడిద మంట మీద కొట్టాడు, ఒకటి, రెండు, పది, ఇరవై. మంట నల్లబడి అడుగున ఎర్రగా బుసకొడుతోంది. బొగ్గు మంట దీపం కాదు ఊదితే ఆరడానికి, ఇంకో అరగంటైనా వేడి కక్కుతూనే ఉంటుంది. ఫోను ఎత్తాడు. ఆఫీసులో మోగుతూ మోగుతూ ఉంది, అందరూ చర్చిలోనే ఉన్నారు. కూత తీగ అందుకున్నాడు, వేస్తే ఊరంతా వినబడుతుంది, వేస్తే... వేస్తే చప్పట్లు కొడతారు. భాయ్ ఈసారి తొందరపడ్డాడని నవ్వుకుంటూ చప్పట్లు కొడతారు, ఎక్కడివాళ్లక్కడే కూర్చుని. ఆయన తీగ వదిలేశాడు. తనే వెళ్లాలి. మాటలతో వెళ్లాలి.

బాయిలర్ గది చుట్టూ తిరిగితే చర్చి తలుపు ముప్పై అడుగులు. గడప దగ్గర అలవాటుకొద్దీ వంగి బూటు తాడు విప్పబోయాడు, ఒక తాడు విప్పేశాడు కూడా, అప్పుడు స్పృహ వచ్చి అలాగే బూడిద బూట్లతో లోపలికి అడుగుపెట్టాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి. కొవ్వొత్తులు, తెల్ల చొక్కాలు, వెచ్చటి గాలి. ఆ వెచ్చదనం తను పంపిందే. తలలన్నీ ఇటు తిరిగాయి. ఒక్కరి మొహంలో కూడా భయం లేదు, అందరి మొహాలూ విప్పారాయి. వేదిక మీంచి ముసలి పాస్టరుగారు చేతులు చాపి, "రండి భాయ్, రండి! ఎన్నేళ్లకి మీ కాలు ఇటు పడింది!" అన్నాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. పెద్ద నర్సమ్మ కళ్లు తుడుచుకుంటోంది. వీళ్లందరూ తను పండగ శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చాననుకుంటున్నారు. గోడవార బల్ల మీద పది గుడ్డ మూటలు. అందులో ఒక్కటీ మాట్లాడదు.

"పాట ఆపండి," అన్నాడు. తన గొంతు తనకే పరాయిగా వినబడింది. "గోడ దగ్గరున్న అమ్మలు ముందు లేవండమ్మా. పిల్లల్నెత్తుకుని పెద్ద తలుపులోంచి ఆ చెట్ల దాకా నడవండి. పరిగెత్తొద్దు. మిగతావాళ్లు వాళ్ల వెనకే. బాయిలర్లో నీళ్లు లేవు."

చప్పట్లు ఆగిపోయాయి. పాటల వరుసలోంచి పాటగాడు, "అదేంటి భాయ్, సగం..." అన్నాడు.

"అది నువ్వు రాసిన సగంరా."

పాటగాడి మొహంలో రక్తం దిగిపోవడం అంత దూరం నుంచీ కనబడింది. నర్సమ్మ బల్ల దగ్గరికి ఒక్క ఊపున చేరి ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని లేపింది. కవలల తల్లి మాత్రం లేవలేకపోయింది, కుట్లు, రెండు చేతుల్లో ఇద్దరు. ఆయన వెళ్లి ఒక బిడ్డని ఎత్తుకున్నాడు. మసి చేతుల అచ్చులు తెల్లటి గుడ్డ మీద పడ్డాయి. బిడ్డ ఏడవలేదు, కళ్లు తెరిచి ఆయన్ని చూసింది. ఉయ్యాల పక్కనుంచి, బొమ్మ పక్కనుంచి, ఆ వెచ్చటి గోడకి వీపు తగలకుండా నడిచి, గడప దాటి, బిడ్డని పాస్టరుగారి చేతుల్లో పెట్టి, ఆయన ఏదో అనబోతుంటే ఆగకుండా వెనక్కి తిరిగాడు.

పార పట్టుకునేసరికి వెనక అడుగుల చప్పుడు. పాటగాడు, తెల్లటి పాటల అంగీతోనే.

"నువ్వెందుకొచ్చావు, పో!"

"పట్టీలో పేరు నాదే," అన్నాడు పాటగాడు, రెండో పార అందుకుంటూ.

ఇద్దరూ బూడిద కొట్టారు. తెల్ల అంగీ ముందు బూడిద రంగుగా, తరవాత నల్లగా అయింది. పొయ్యిలో ఎర్రదనం పూర్తిగా మునిగాక పాటగాడు టార్చి తెచ్చి తలుపు సందులోంచి పైకి వేశాడు. భాయ్ వంగి చూశాడు. పొయ్యి పైకప్పు, తిన్నగా ఉండాల్సిన ఇనప రేకు, కిందికి ఉబ్బి వేలాడుతోంది, నెలలు నిండిన కడుపులా. చిట్లలేదు. ఇంకా చిట్లలేదు. దాని పైన నీళ్లు లేవని చెప్పడానికి ఇంక ఏ గొట్టమూ అక్కర్లేదు. ఆయన పంపు చక్రాన్ని చూశాడు, చెయ్యి వేసిన చోట మసి వేళ్ల ముద్ర ఉంది. పాటగాడు కూడా ఆ ముద్ర చూశాడు.

"వెళ్దాం పద, చెట్ల దగ్గరికి," అన్నాడు పాటగాడు.

"ఒక్క పని ఉంది."

పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. పదకొండుకి సగం, పన్నెండుకి సగం, ఒంటిగంటకి సగం, రెండుకి సగం. భాయ్ కలం తీసుకుని వాటన్నిటి మీదా అడ్డంగా ఒక గీత గీశాడు. కింద తన గుండ్రటి అక్షరాలతో రాశాడు: పదీ ముప్పై. నీళ్లు కనబడలేదు. మంట ఆర్పాను. రాసి, ఆసుపత్రిలో ఎవరూ పిలవని తన పూర్తి పేరు పెట్టాడు. పాటగాడు కలం లాక్కుని పక్కనే తన కోడిగీత గీశాడు. భాయ్ పేజీలు వెనక్కి తిప్పాడు, ఈద్ నాటి పేజీ వచ్చేదాకా తిప్పాడు. అక్కడ తన చక్కటి రాతలో సగం, సగం, సగం.

"ఆ రోజు నిజంగా ఎంత ఉన్నాయిరా నీళ్లు?" అని అడిగాడు.

పాటగాడు ఆ పేజీ మీదికి వంగాడు. "తెలీదు భాయ్," అన్నాడు. "నేనూ నీ పేజీ చూసే కూర్చున్నాను."

గోడకవతల ఏ చప్పుడూ లేదు. ఇరవై ఏళ్లలో క్రిస్మస్ నాడు ఈ వేళప్పుడు ఆ గోడ ఇంత నిశ్శబ్దంగా ఉండటం ఆయన ఎరగడు. ముల్లు ఏడు నుంచి వెంట్రుకంత దిగింది, లేకపోతే దిగినట్టు కళ్లకి అనిపించింది. అప్పుడు దూరంగా చెట్ల దగ్గర్నుంచి ఒక పసిబిడ్డ ఏడుపు వినబడింది, దానికి తోడుగా ఇంకొకటి. చలి తగిలుంటుంది వాళ్లకి. చలి తగలకుండా చూసుకోమని నర్సమ్మ మరీ మరీ చెప్పింది. భాయ్ ఆ ఏడుపు వింటూ, బతికే ఉన్నారు, బతికే ఉన్నారు అనుకుంటూ, విప్పిన బూటు తాడు కట్టుకోవడానికి వంగాడు, వేళ్లు ముడి పడనివ్వలేదు.